షావుకారమ్మ ముట్టని పళ్లెం

ఆ రోజు సంగావ్ చెయ్యవలసిన పని చాలా సులువైనది. లింగ్ షావుకారమ్మను పడవలో కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం లాంచీ కదిలేలోపు సెముజాన్ ఏటి దిగువనున్న బజారుకు చేర్చాలి. అంతే. ఏట్లో ఏ రాయి ఎక్కడుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఇంజను ముందురోజే విప్పి తుడిచాడు. పెట్రోలు డబ్బా నిండుగా ఉంది. పడవలో చెడిపోవడానికి వీలున్న వస్తువు ఒక్కటీ లేదని పొద్దున్నే తేల్చుకుని, నిశ్చింతగా కాఫీ తాగాడు. చెడిపోయేవి వస్తువులు మాత్రమే అనుకోవడం అతని పొరపాటు.

ఇబాన్ తెగవాళ్ల ఊరైన నంగా సెముజాన్‌లో ఊరంతా కలిపి ఒకటే ఇల్లు. ఏటి ఒడ్డున గుంజల మీద నిలబెట్టిన బారు ఇల్లు. వరసగా గదులు, గదికో కుటుంబం, అందరికీ కలిపి ముందు ఒకటే పొడవాటి వసారా. ఆ వసారాలో ఈమధ్య తాళాలు పడిన తలుపులు ఎక్కువయ్యాయి. మిరియాల ధర పడినప్పుడల్లా మగవాళ్లు ఓడలు కట్టే పనికని సముద్రపు ఒడ్డుకు పోతున్నారు. సంగావ్ కూడా అలా పోయి వస్తున్నవాడే. పెళ్లయినప్పటి నుంచి భార్య లులాంగ్ అతన్ని చూసిన రోజులకన్నా, అతను వస్తాడని వాకిట్లోకి చూసిన రోజులే ఎక్కువ.

ఇంటి పెద్ద జెలియన్‌కు ఒక ఆలోచన వచ్చింది. తాళాలు పడిన గదులు బాగుచేసి, అడవి చూడటానికి వచ్చేవాళ్లకు బస ఇస్తే ఎలా ఉంటుంది? డబ్బు పెట్టేవాళ్లు కావాలి. బజారులో మిరియాల కొట్టు నడిపే లింగ్ షావుకారమ్మ దగ్గరకు కాళ్లరిగేలా తిరిగి, చివరికి ఒక రాత్రి వచ్చి ఉండేట్టు ఒప్పించాడు. ఆవిడ వచ్చింది. నేల చెక్కలను మడమతో తొక్కి చూసింది, కప్పు కేసి చూసింది, దోమతెర చిరుగులో వేలు పెట్టి చూసింది. రేపు కొట్లో కూర్చున్నాక నా మాట చెబుతానంది. అవునంటే ఆ బసకు సంగావ్ పడవ నడుపుతాడు, ఇంటిపట్టున ఉంటాడు. కాదంటే ఓడల పనికి మనుషులను తీసుకుపోయే ఏజెంటు అదే మధ్యాహ్నం లాంచీలో ఉంటాడు. సంగావ్ సంచీ సర్దుకుని పడవలో పెట్టుకున్నాడు.

లులాంగ్ ఆ సంచీ వైపు చూడలేదు.

"నిన్ను పొమ్మననూ, ఆపనూ. నా కాపురం ఇప్పుడు ఆ షావుకారమ్మ నోట్లో ఉంది. నువ్వు ఆవిణ్ణి సుఖంగా తీసుకుపో, చాలు," అని వంటగదిలోకి పోయింది.

జెలియన్ ముందురోజు సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పాడు. ఆవిడ పట్నం మనిషి, లెక్క తెలిసిన మనిషి. పిట్ట ఎటు కూసింది, రాత్రి ఏ కల వచ్చింది, ఏ చెట్టు మీద ఏముంది, ఇవాళ బయల్దేరవచ్చా అంటూ ఆవిడ ముందు ఎవరైనా నోరు విప్పారో, ఊరుకునేది లేదు. మనమూ నాగరికులమేనని ఆవిడకు తెలియాలి. అంతటితో ఆగకుండా, భోజనాల దగ్గర ఆవిడ పక్కన కూర్చుని, మలయ్ భాషలో, ఈ ఇంట్లో ఇలాంటి పాతకాలపు నమ్మకాలు ఎవరికీ లేవని అడగకపోయినా చెప్పాడు. ఆవిడ మర్యాదగా తల ఊపింది.

పొద్దున్న ప్రయాణం దగ్గరే అసలు సంగతి జరిగింది. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దది మిందు అవ్వ. మెట్ల దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడింది. పళ్లెంలో పులియబెట్టిన దురియన్ పండు, చిన్న రొయ్యలు వేసి వండింది. దాని వాసన మెట్లకన్నా ముందే ఏటి ఒడ్డుకు దిగిపోయింది. ముందు షావుకారమ్మ వచ్చింది. "వద్దమ్మా, కడుపు బాగాలేదు," అని నవ్వుతూ చెయ్యి ఊపి దిగిపోయింది. వెనకాలే ఒక భుజం మీద ఆవిడ సామాను, రెండో చేతిలో పెట్రోలు డబ్బాతో సంగావ్ వచ్చాడు. అవ్వ పళ్లెం అతని ముందుకూ చాపింది. టైమైపోతోంది అవ్వా, అనుకుంటూ అతనూ దిగిపోయాడు. అతని కళ్లు మాత్రం షావుకారమ్మ ఊపిన చేతి మీదే ఉన్నాయి.

ఆవిడ ముట్టలేదు.

ఇబాన్ ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది ఎంత మాటో వేరే చెప్పక్కర్లేదు. పెట్టింది తినకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వేలితో ముట్టి, పెదవికి రాసుకుంటే చాలు. ఆ మాత్రం కూడా చెయ్యకుండా గడప దాటితే పుని అనే కీడు పడుతుంది. పుని పడినవాళ్లకు ఆ రోజు పాము ఎదురొస్తుంది, మొసలి ఎదురొస్తుంది, అవి రెండూ తీరిక లేక రాకపోతే చెట్టుకొమ్మయినా విరిగి నెత్తిన పడుతుంది. ఓడల దగ్గర పెద్ద పెద్ద యంత్రాలు నడిపి వచ్చిన సంగావ్ కూడా ఈ విషయంలో పైకి నవ్వేవాడే కానీ, లోపల నవ్వేవాడు కాదు.

పడవ ముందుభాగంలో వెదురు గడ పట్టుకుని లులాంగ్ తమ్ముడు ఉంగట్ కూర్చున్నాడు. వాడూ చూశాడు. వెనక్కి తిరిగి, కనుబొమలు ఎగరేసి, షావుకారమ్మ వైపు, మెట్ల వైపు చూపించాడు. సంగావ్ తల అడ్డంగా ఊపాడు. జెలియన్ మాట గుర్తుంది కదా. ఇద్దరికీ మధ్య షావుకారమ్మ, పడవ అంచులు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. పట్నం మనిషి, నీళ్లంటే భయం కాబోలని సంగావ్ జాలిపడ్డాడు.

మొదటి రాళ్ల మలుపు దగ్గర ఇంజను పంకా రాయికి తగిలి పిన్ను విరిగింది. పిన్ను విరగడం ఈ ఏట్లో కొత్త కాదు. విరగని వారం ఉండదు. కొత్త పిన్ను బిగించేలోపు పై కొమ్మ మీంచి ఒక పాము నీళ్లలో పడి, పడవ ముందు నుంచే ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయింది. ఇదీ కొత్త కాదు. కానీ ఉంగట్ మొహంలో రంగు పోయింది.

"బావా, పడవ తిప్పు," అన్నాడు తమ భాషలో. షావుకారమ్మకు అర్థం కాదని ధైర్యం. "తర్వాత వచ్చేది పాము కాదు."

"తిప్పితే లాంచీ పోతుంది రా."

"ఈవిడ పోతే?"

సంగావ్ ఒక్క క్షణం తన సంచీ వైపు చూశాడు. బసకు ఒప్పుకోవలసిన మనిషి, ఒప్పుకునేలోపే మొసలి పాలైతే లులాంగ్ మొహం ఎలా చూస్తాడు? అసలు ఒక మనిషి చావుబతుకుల ముందు లాంచీ ఎంత? వెనక్కి వెళ్లి ఆవిడ చేత ఆ వంటకం ముట్టిస్తే పుని విరుగుతుందని పడవ తిప్పేశాడు. పెట్రోలు తక్కువగా ఉందండీ, వెనక్కి వెళ్లి తెచ్చుకోవాలి అని మలయ్‌లో చెప్పాడు. షావుకారమ్మ తన కాళ్ల దగ్గర నిండుగా ఉన్న డబ్బా వైపు చూసి, "సరే, మంచిదే," అంది. ఆ గొంతులో కోపం లేకపోవడం అతనికి వింతగానే తోచింది కానీ, ఆలోచించే తీరిక లేకపోయింది.

ఇంటికి చేరేసరికి పళ్లెం లేదు. అందులోది కుక్కలు తినేశాయి, పళ్లెం లులాంగ్ కడిగేసింది. మిందు అవ్వ దురియన్ జాడీ ఉన్న గదికి తాళం వేసుకుని కొండ మీది మిరియాల తోటకు పోయింది. సంగావ్ పెళ్లాం చెవిలో సంగతి చెప్పాడు. లులాంగ్ వెంటనే అవ్వ కోసం కొండెక్కింది.

ఈలోగా వసారాలో ఉన్న ఆడవాళ్లు షావుకారమ్మ తిరిగి రావడం చూశారు. వెళ్లినావిడ ఎందుకు వచ్చింది? ఒకావిడ ఆకలేసి వచ్చిందంది. ఇంకొకావిడ ఆ మాట కొట్టిపారేసి, అవ్వ ఒక్కతే పెట్టింది, మనమెవ్వరం పెట్టలేదు, మనసు కష్టపెట్టుకుని వచ్చిందని తేల్చింది. అంతే, గదిగదిలో పొయ్యిలు రాజుకున్నాయి. వెదురు బొంగులో ఉడికించిన కోడి వచ్చింది, ఉప్పులో ఊరవేసిన చేప వచ్చింది, అడవి ఫెర్న్ ఆకుల వేపుడు వచ్చింది. షావుకారమ్మ చాప మీద కూర్చుని, వచ్చిన ప్రతి పళ్లానికీ నవ్వుతూ ఎడమ చెయ్యి ఊపింది. వాళ్లు పళ్లెం ఆవిడ పక్కన పెట్టి, మొహాలు మాడ్చుకుని జెలియన్ దగ్గరకు పరుగెత్తారు. పొద్దున్న ఒక్క పుని ఉండేది. ఇప్పుడు తలుపుకొకటి.

నాగరికుడైన జెలియన్‌కు చెమటలు పట్టాయి. పెద్దవాళ్లందరినీ షావుకారమ్మకు నాలుగడుగుల దూరంలోనే కూర్చోబెట్టి, మిరియాల ధర మాట్లాడుతున్నట్టు మొహాలు పెట్టమని చెప్పి, తమ భాషలో సమావేశం మొదలుపెట్టాడు. ఆవిడ చేత ముట్టించడం ఎలా? చెప్పి ముట్టించడానికి వీల్లేదు, పరువు పోతుంది. ఒకాయన ఆవిడ కునుకు తీసినప్పుడు పెదవికి రాసేద్దామన్నాడు. తిండి ఆవిడ దగ్గరకు పోతే ఆవిడ తిండిని ముట్టినట్టా కాదా అని ఇంకొకాయన ధర్మసందేహం తీశాడు. ముట్టినట్టేనని జెలియన్ తీర్పు చెప్పి, ఊరవేసిన చేప పళ్లెం తీసుకుని లేచాడు. షావుకారమ్మ దగ్గరకు వెళ్లి, చాప అంచు కాలికి తగిలినట్టు తూలి, పళ్లెం మొత్తం ఆవిడ ఒళ్లో గుమ్మరించాడు.

ఆవిడ లేచి నిలబడి, లంగా మీది చేపను ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో పెట్టింది. పెద్దలు మాత్రం బట్టకు తగిలితే ఒంటికి తగిలినట్టా అనే కొత్త చర్చలోకి దిగారు. అది ఇప్పట్లో తేలేది కాదు.

పెట్రోలు కోసం వచ్చామని చెప్పిన మాట ఒకటి ఉంది కదా. అది అబద్ధంగా కనపడకూడదని, జెలియన్ ముందే డబ్బాను ఇంటి కిందకు తెప్పించి, అందులోదంతా పీపాలో పోయించాడు. ఆవిడ చూస్తుండగా మళ్లీ నింపాలని ఆయన పథకం. చేప గొడవలో నింపడం ఎవరికీ గుర్తులేదు. సంగావ్ నింపాడనుకుని ఉంగట్, ఉంగట్ నింపాడనుకుని సంగావ్. ఎండ నడినెత్తికి వస్తోంది, అవ్వ జాడ లేదు, లులాంగ్ జాడ లేదు. షావుకారమ్మ తడిపి పిండుకున్న లంగాతో మెట్ల దగ్గర నిలబడి, పోదామా వద్దా అన్నట్టు చూస్తోంది. బట్టకు తగిలిన చేప ఎంత కాపాడితే అంత అనుకుని సంగావ్ పడవ తీశాడు.

సగం దూరం పోయాక, ఇంజనులో మిగిలిన కాస్త పెట్రోలూ అయిపోయి అది ఆగింది. సంగావ్ డబ్బా ఎత్తాడు. అది సులువుగా పైకి లేచింది. పొద్దున్న చెప్పిన అబద్ధం, పాపం, మధ్యాహ్నానికి నిజమై కూర్చుంది.

అప్పటికే పైన ఎక్కడో వాన పడినట్టుంది. నీళ్లు ఎర్రగా, బలంగా పెరుగుతున్నాయి. ఉంగట్ గడతో తోసి తోసి, పడవను ఒక గులకరాళ్ల మేట మీదకు చేర్చాడు. ముగ్గురూ దిగారు. ఎండ అవతలి గట్టు చెట్ల వైపు వాలడం సంగావ్ చూశాడు. లాంచీ పోయింది, దానితో ఏజెంటూ పోయాడు. షావుకారమ్మ కొట్టూ చేరలేదు, ఆవిడ మాటా రాలేదు. ఒంటి మీద చేప పోసిన ఊళ్లో డబ్బు ఎవరు పెడతారు? ఆ ఉదయం అతనికి రెండు దారులుండేవి; ఇప్పుడు ఒక్కటీ లేదు. లులాంగ్‌కు ఏం చెప్పాలో తెలియక అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

పోయేదేదో పోయింది, ఈ మనిషి ప్రాణమైనా మిగలాలి అనుకుని, జెలియన్ పరువును ఏట్లో వదిలేసి, వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీరు నవ్వుకోండి, తిట్టుకోండి, నేను మాత్రం చెప్పేస్తున్నాను. పొద్దున్న మీరు అవ్వ పళ్లెం ముట్టకుండా పడవెక్కారు. మాకు అది చాలా చెడ్డది. అందుకే పడవ తిప్పాను, పెట్రోలు కోసం కాదు. మీరు ఈ నీళ్ల అంచున నిలబడకండి. ఆ పెద్ద రాయెక్కి కూర్చోండి, దణ్ణం పెడతాను."

షావుకారమ్మ అతని వైపు తిరిగింది. మలయ్‌లో కాదు, స్వచ్ఛమైన ఇబాన్ భాషలో, ఏటి ఎగువ యాసతో సహా మాట్లాడింది.

"నేను ముట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఊపాను, కుడి చేత్తో రొయ్యను ముట్టి పెదవికి రాసుకున్నాను. రాళ్ల మీద పడవ ఎగిరితే నాకు కడుపులో తిప్పుతుంది, అందుకని తినలేదు. అంతే. ముట్టనిది నువ్వయ్యా."

సంగావ్‌కు వెంటనే అర్థం కాలేదు. ఉంగట్‌కు ముందు అర్థమైంది. వాడు బావకు రెండడుగులు దూరం జరిగాడు.

"ఒక చేతిలో నా సామాను, ఒక చేతిలో డబ్బా. అవ్వ నీకూ చాపింది. నువ్వు చూడను కూడా చూడలేదు," అందావిడ. "పుని పడినవాడు నడిపే పడవలో పొద్దుటి నుంచీ గుండె చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. పిన్ను విరిగింది, పాము వచ్చింది, ఇక అయిపోయాననుకున్నాను. నువ్వు పడవ తిప్పితే, అబ్బాయికి గుర్తొచ్చింది, ముట్టి వస్తాడని సంతోషించాను. మళ్లీ ముట్టకుండానే వచ్చావు."

"మీకు... మీకు ఇవన్నీ..."

మిగతాదంతా ఆవిడే చెప్పింది. వాళ్ల నాన్న ఇదే ఏట్లో పడవ మీద ఉప్పూ బట్టలూ అమ్మేవాడట. ఆవిడ పెరిగిందే ఆ పడవలో, తిన్నది ఇలాంటి ఇళ్ల వసారాల్లో. ఊళ్లోవాళ్లు తన పక్కన పెట్టిన పళ్లాలన్నీ, వాళ్లు అటు తిరగ్గానే వరసగా ముట్టుకుంది. పెద్దల సమావేశం మొదటి నుంచి చివరిదాకా వింది. మరి ఉదయమే ఎందుకు చెప్పలేదని సంగావ్ అడిగాడు. ఆవిడ మొహం కొంచెం ఎర్రబడింది. రాత్రి భోజనాల దగ్గర మీ పెద్దాయన ఈ ఇంట్లో ఎవరికీ నమ్మకాల్లేవని గంటసేపు చెప్పాడు కదా, మీలాంటి కుర్రాళ్లు నవ్వుతారేమోనని భయపడ్డానంది. ఒకసారి నవ్వులపాలైన షావుకారు మళ్లీ బేరం ఆడలేడట.

అప్పుడే మలుపు తిరిగి ఒక చిన్న తెడ్డు పడవ వచ్చింది. వాననీటికి ఎదురునిలిచి దాన్ని అదుపులో పెట్టుకుంటూ వస్తున్నది లులాంగ్. ఒళ్లో మిందు అవ్వ జాడీ, పక్కన పెట్రోలు క్యాను. జుట్టంతా తడిసి మొహానికి అంటుకుంది. మేట మీద భర్తను చూసి, ముందు పడవ కట్టడమే మర్చిపోయింది.

"నువ్వు లాంచీ ఎక్కలేదా?" అంది.

"పోయింది."

"పోతే పోనీ," అని, తర్వాత షావుకారమ్మ ఉందని గుర్తొచ్చి, జాడీ తీసుకుని ఆవిడ వైపు నడిచింది. షావుకారమ్మ వేలు చూపించి ఆమెను సంగావ్ వైపు తిప్పింది. ఎందుకో ఉంగట్ చెప్పాడు. లులాంగ్ మొగుణ్ణి ఎగాదిగా చూసి, జాడీ మూత తీసి, తనే వేలు ముంచి అతని పెదవుల నిండా పులిసిన దురియన్ రాసింది. అవసరమైనదానికన్నా గట్టిగానే రాసింది. అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. ఆ వాసనకు ఎవరి కళ్లయినా చెమరుస్తాయి.

షావుకారమ్మ రాయి మీద కూర్చుని, తడి లంగా సర్దుకుని, కొట్లో కూర్చున్నప్పటి గొంతుతో చెప్పింది.

"రాత్రే అవునందామనుకున్నాను. పొద్దున్న నువ్వు అవ్వను దాటుకుని పోతే, వీడి పడవలోనా నా పేరు నమ్ముకుని వచ్చేవాళ్లను ఎక్కించేది అని మనసు మార్చుకున్నాను. గదులు ఎవరైనా బాగుచేస్తారు. దారి భయంకరమైనది, నేను డబ్బు పెట్టేది దారి మీద. లాంచీ పోతుందని తెలిసీ నా కోసం పడవ తిప్పావు చూడు, ఆ మనిషి మీద పెడతాను. పడవ నువ్వే నడపాలి. నువ్వు సముద్రపు ఒడ్డుకు పోతే నా డబ్బు కూడా వెనక్కి వచ్చేస్తుంది. పెట్రోలు మాత్రం నువ్వు చూసుకోకు, ఆ పని నీ పెళ్లానికి ఇవ్వు."

లులాంగ్ పెద్ద పడవలోకి వంగి, సంగావ్ సంచీ తీసి, తన తెడ్డు పడవలో పెట్టుకుంది. ఆమె ఆ సంచీని ముట్టుకోవడం అదే మొదటిసారి. సంగావ్‌కు గుండె నిండిపోయింది. ఇంత మంచి రోజు తన జీవితంలో ఉంటుందని అతను అనుకోలేదు.

అందరూ ఇంటికే తిరిగి వచ్చాక, ఆ సాయంత్రం వసారాలో బియ్యపు కల్లు పోశారు. షావుకారమ్మ ఇబాన్‌లో మాట్లాడటం విని పెద్దలు తమ సమావేశంలో ఎవరెవరు ఏమన్నారో తలుచుకుని తలలు దించుకున్నారు. ఒప్పందం నోటిమాటగా అందరి ముందూ ఖాయమైంది, కాగితాలు రేపు బజారులో. జెలియన్ లేచి, ఇక నుంచి ఈ ఇంట్లో ఎవరి నమ్మకం వాళ్లు దాచుకోకుండా చెప్పవచ్చునని, తను మాత్రం మొదటి నుంచీ నాగరికుడినేనని ప్రకటించాడు.

మర్నాడు పొద్దున్నే డబ్బా నిండుగా, ఇంజను శుభ్రంగా, అందరూ ఒడ్డున సిద్ధంగా ఉన్నారు కానీ పడవ కదల్లేదు. షావుకారమ్మకు రాత్రి మంచి కల రాలేదట.